వాడిపోయే పూలే కావాలి

సంపాదకులకు,

చర్చి పండగ దగ్గర పడితే చాలు, ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు: ఒక్క పూటకు వాడిపోయే పూలెందుకు, ప్లాస్టిక్‌వి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి కదా అని. చాలా కాలంగా బలిపీఠం (గురువు పూజ చేసే బల్ల) అలంకరణ చేస్తున్నదాన్ని కాబట్టి జవాబు రాయాలనిపించింది.

అసలు కథోలిక పండగల్లో పూలు నిలవుండాలని ఎవరూ నియమం పెట్టలేదు. ఇటలీలోని జెన్జానోలో 1778లో మొదలైన ఆనవాయితీ ఒకటుంది. క్రీస్తు శరీరాన్ని కొలిచే దివ్యసత్ప్రసాద పండగకు వీధి పొడవునా పూరేకులతో బొమ్మలు పరుస్తారు. ఊరేగింపు వాటి మీదుగానే వెళుతుంది. చివర్లో పిల్లల్ని వదిలేస్తే, వీధి ఎగువ నుంచి పరుగెత్తుకొచ్చి మిగిలిందంతా చిందరవందర చేసేస్తారు. గ్వాటెమాలాలోని అంటిగ్వాలో ఈస్టర్‌కు ముందొచ్చే పరిశుద్ధ వారం ముచ్చట ఇంకోలా ఉంటుంది. రంగులద్దిన రంపపు పొట్టు, పైన్ ఆకులు, పూలతో గంటల తరబడి కూర్చుని వీధిలో తివాచీలు వేస్తారు. ఊరేగింపులో స్వరూపాలు (విగ్రహాలు) మోసేవాళ్ల కాళ్ల కింద అవి నిమిషాల్లో నలిగిపోతాయి. వాళ్ల వెనకాలే చీపుళ్లు, పారలు పట్టుకుని ఊడ్చేవాళ్లు వస్తారు. వేసింది తొక్కడానికే మరి! రోములోని శాంతా మరియా మజ్జోరె గుడిలోనైతే ఆగస్టు 5న పైకప్పు నుంచి తెల్లని రేకులు రాలుస్తారు, ఎండాకాలంలో మంచు కురిసిందన్న పాత కథకు గుర్తుగా. ప్లాస్టిక్ రేకులు రాల్చి, మళ్లీ ఏరుకుని డబ్బాలో దాచుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక పొదుపు సంగతి. దానికి నియమాలు ఎప్పుడో ఉన్నాయి. పూజ ఎలా జరగాలో చెప్పే పూజా గ్రంథం సాధారణ నియమావళి 305వ అంశం ప్రకారం తపస్కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజుల్లో, బలిపీఠానికి పూల అలంకరణ కూడదు. నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండగలు మాత్రమే మినహాయింపు. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలంలో మితంగా పెట్టాలి. ఎప్పుడైనా పీఠం చుట్టూనే తప్ప పీఠం బల్ల మీద పెట్టకపోవడం మంచిది. తపస్కాలం అన్ని వారాలు బోసిగా ఉన్న చోట పాస్క జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి, తెల్ల లిల్లీలు కనిపిస్తే, వెనక వరసలో నిద్రమొహంతో కూర్చున్న పిల్లాడికి కూడా పండగొచ్చిందని తెలుస్తుంది. ఏడాదంతా ఒకే గులాబీ గుత్తి నిలబడి ఉంటే ఆ తేడా ఎక్కడిది? ఒకసారి అలాంటి గుత్తిని బకెట్‌లో సబ్బు నీళ్లు పోసి కడిగాను. నీళ్లు నల్లగా దిగాయి, గులాబీలు మాత్రం ఎర్రగా అవ్వలేదు. ఎండకు ఎప్పుడో వెలిసిపోయి ఉన్నాయి. ఇదే నియమావళి 292వ అంశం గుడిలో వాడే వస్తువులు అసలైనవిగా ఉండాలని చెబుతోంది.

అలాగని అసలు పూలు పెట్టే మాదేం తప్పు లేదని చెప్పను. పూలు గుచ్చడానికి మేం వాడే పచ్చ ఫోమ్ దిమ్మ కూడా ప్లాస్టికే. నీళ్లు పీల్చుకుంటుంది, కాడ ఎటు గుచ్చితే అటే నిలబడుతుంది, పని సులువు. పండగ మర్నాడు విప్పుతుంటే పొడిపొడిగా రాలి గోళ్లలోకి దూరుతుంది, తడి చెయ్యి కడిగితే కాలవలోకి పోతుంది. మట్టిలో కలిసేది కాదది. ఇంగ్లండ్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అనే తోటపని సంస్థ 2021 నుంచి తన పూల ప్రదర్శనల్లో దీన్ని నిషేధించింది. పూల ప్రదర్శనలే ఫోమ్ మానుకోగలిగినప్పుడు చర్చిలకు ఏం అడ్డం?

విచారణ (చర్చి) గురువులకు, అలంకరణ బృందాలకు నా విన్నపం ఒక్కటే: ప్లాస్టిక్ గుత్తులు, ఫోమ్ రెండూ మానేద్దాం. పూలు తక్కువైనా పర్వాలేదు. లోతైన గిన్నెలో నీళ్లు, లోపల ఉండచుట్టిన ఇనుప వల, బరువుకు గులకరాళ్లు చాలు. వాడిన పూలు ఎరువు గుంటలో వేస్తే సరి. మొన్న పండగకు మేమూ అలాగే చేశాం. పూజ సగంలో ఎడమవైపు గిన్నె ఒరిగితే టెన్షన్ పడి, పాట అందుకునే సందులో మెల్లగా వెళ్లి కింద ఇటుక ముక్క పెట్టొచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు