సావనీర్ పేజీలు చేసేవాళ్లు ఒకసారి చూడండి

అందరికీ నమస్కారం. పేజీలు పంచుకుని చేస్తున్నాం కదా, ప్రెస్ వాళ్లు వాడే మాటలు అందరికీ ఒకేలా తెలిస్తే చివర్లో టెన్షన్ ఉండదని రాస్తున్నా.

మన సైజు ఏ4, అంటే 210 × 297 మి.మీ. కత్తిరించాక మిగిలే కొలత అది. ఫోటో గానీ రంగు గానీ అంచుదాకా వెళ్తుంటే ఇంకో 3 మి.మీ. బయటికి లాగండి, అదే బ్లీడ్, లేకపోతే కటింగ్ కాస్త జరిగినా పక్కన తెల్లగీత పడుతుంది. గట్టర్ అని ఎవరైనా అంటే కాలమ్‌ల మధ్య ఖాళీనా, బైండింగ్ వైపు ఖాళీనా అని అడగండి, రెండిటికీ అదే మాట వాడుతున్నారు.

అసలు గొడవ లీడింగ్ దగ్గర, అంటే వరుసల మధ్య దూరం. ఇంగ్లిష్‌లో 10 పాయింట్ల అక్షరానికి 12 ఇస్తే సరిపోతుంది గానీ మనకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి పై వరుస ‘స్త్రీ’ కింది వరుస నెత్తినెక్కి కూర్చుంటుంది. 12 పాయింట్లకి కనీసం 17 ఇవ్వండి, పేజీలు పెరిగితే పెరగనీ. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంట్లు వాడేవాళ్లు అందులోని వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోండి, లేదంటే ఒత్తులు విడిపోతాయి.

మధ్యలో పిన్ కొట్టే పుస్తకం కాబట్టి మొత్తం పేజీలు 4తో భాగించబడాలి. ఫోటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గానే పంపండి.