ఆయాలకు జ్వరం వచ్చిన రోజుల జీతం గురించి, మా ఖాతాదారులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

గత సోమవారం కొండాపూర్‌లో ఒక ఇంటికి, నల్లగండ్లలో మరో ఇంటికి మా ఆయాలు వెళ్లలేదు. ఇద్దరికీ వైరల్ జ్వరం. ఆ ఇళ్లవారు ఆఫీసులకు సెలవు పెట్టవలసి వచ్చింది. వారి కోపం న్యాయమైనదే.

ఇటువంటి అవసరానికే నగరంలోని మరొక ఏజెన్సీకి అడ్వాన్సు కట్టి ఉంచాము. ఉదయం ఏడున్నరకల్లా ఇద్దరిని పంపుతామన్నవారు తొమ్మిది దాటాక ఒక్కరినే పంపారు. ఆమె దగ్గర ఆధార్ లేదు, పోలీసు వెరిఫికేషన్ కాగితం లేదు, పైగా మా మెట్లెక్కుతూనే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. జ్వరపడిన మనిషికి బదులుగా దగ్గుతున్న మనిషిని ఎనిమిది నెలల పాప దగ్గరికి పంపడమా, మాట తప్పారనిపించుకోవడమా అన్నది నాకు ఎంతకీ తెగలేదు; అవతల ఆ తల్లేమో ఎవరో ఒకరిని పంపితే చాలంటున్నారు. చివరికి ఆమెకు టీ ఇప్పించి, ఆటో ఖర్చులిచ్చి వెనక్కి పంపాను. మళ్లీ ఆ పరిస్థితే వస్తే మళ్లీ అదే చేస్తాను. “ఒక్క పూటకు ఇంత పట్టింపు ఎందుకు మేడమ్” అని ఆ ఏజెన్సీవారు అన్న మాట మాత్రం ఇంకా మింగుడుపడటం లేదు. అడ్వాన్సూ తిరిగి రాలేదు.

ఇకపై బదులు ఆయాలను బయటినుంచి తీసుకోము. ఇద్దరిని అదనంగా మా జీతం మీదే ఉంచుతున్నాము. పాలవేళలు, నిద్రవేళలు తెలుసుకోవడానికి వారు నెలకొక పూట మీ ఇంటికి వస్తారు. ఇందుకుగాను వచ్చే నెలనుంచి సర్వీసు చార్జీ 600 రూపాయలు పెరుగుతుంది.

ఆయా రాని రోజులకు జీతం కోయమని కొందరు అడుగుతున్నారు. కోయము. దుకాణాలు, సంస్థల చట్టం కింద మా ఉద్యోగులకు ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఉంది. జీతం కోస్తే ఆయాకు మిగిలేది కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐ ఇచ్చే అనారోగ్య భృతే; అది జీతంలో 70 శాతమే, అదీ సాధారణంగా మొదటి రెండు రోజులకు రాదు. ఆ రెండు రోజుల కూలి పోతుందన్న భయంతోనే ఆయా ఒక మాత్ర వేసుకుని, ఒళ్లు కాలుతున్నా చెప్పకుండా మీ బిడ్డను ఎత్తుకుంటుంది. అందుకే ఆ రోజులకూ పూర్తి జీతం మేమే ఇస్తాము. బదులు ఆయాకు మీరు వేరుగా చెల్లించనక్కరలేదు.

ఈ పద్ధతి నచ్చనివారు ఈ నెలాఖరులోగా తెలియజేస్తే, మిగిలిన రోజుల డబ్బు లెక్కగట్టి వాపసు చేస్తాము. జీతం కోత గురించి మాత్రం దయచేసి మళ్లీ అడగవద్దు.