మా తమ్ముడి పక్కన నిలబడ్డవాళ్లందరికీ

ఇది రాయమన్నది తమ్ముడే. పేర్లు మాత్రం వద్దన్నాడు, వాడిదీ, మీ ఎవరివీ.

వాడు గే. అప్పటికింకా ఇంట్లో చెప్పలేదు. ఈలోగా ఎవరో వాడి చాట్ స్క్రీన్‌షాట్లు హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఊళ్లో తెలిస్తే నాన్న తలెత్తుకు తిరగలేడన్న దిగులుతో తిండీ నిద్రా మానేశాడు.

మొదటి దండం వాడి రూమ్మేట్‌కి. ఆ రాత్రి తమ్ముడి మాటల్లో తేడా పసిగట్టి, "చచ్చిపోవాలని ఉందారా?" అని సూటిగా అడిగాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. అలా జరగదనీ, అడిగితేనే లోపలున్నది బయటికొస్తుందనీ తర్వాత డాక్టరుగారు చెప్పారు. ఆ అబ్బాయి 14416కి ఫోన్ కలిపి, తెల్లారేదాకా పక్కనే కూర్చుని, నాకు కబురు చేశాడు.

14416 అంటే టెలి మానస్, మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతల ఎత్తినామె పేరు తెలియదు. వీడు ఏడుస్తూ అంతా చెప్పుకుంటే, "సరే నాన్నా, ముందు అన్నం తిన్నావా?" అని అడిగిందట. అమ్మా, మీరెవరైనా మీకు రుణపడి ఉంటాం.

మధ్యలో బంధువులు చెప్పిన ఒకాయన దగ్గరికీ వెళ్లాం. మందులతో "మార్చేస్తా"నన్నాడు, పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్నాడు. ఆయన గురించి ఇంతకన్నా రాయను.

ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రిస్ట్ మేడమ్ మాత్రం నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పారు. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. మారుస్తామంటూ చికిత్స చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పు కిందికి వస్తుందని 2022లో డాక్టర్లని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చింది. "మరి కేసు అవ్వదా అమ్మా?" అన్నాడు నాన్న. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇష్టపడి కలిసుండే పెద్దవాళ్ల విషయంలో ఇది నేరం కాదన్నారు. వైద్యం కావాల్సింది వాడి దిగులుకీ నిద్రలేమికీ అన్నారు. ఇప్పుడు జరుగుతున్నది ఆ వైద్యమే.

ఇక పిన్ని. థాంక్స్ చెబితే తిడుతుంది, అయినా చెప్తా. అమెరికాలో ఇలాంటి పిల్లలకి అండగా ఉండే ట్రెవర్ ప్రాజెక్ట్ అనే సంస్థ 2019లో వాళ్ల మీద చేసిన సర్వే గురించి చదివాను. ఉన్నదున్నట్టు ఒప్పుకునే పెద్దవాళ్లు ఒక్కరున్నా సరే, గడిచిన ఏడాదిలో ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పినవాళ్లు 40 శాతం తక్కువట. మా ఇంట్లో ఆ ఒక్కరు పిన్ని. మొన్న పెళ్లిలో ఎవరో వీడి సంబంధాల గురించి ఆరా తీస్తే, "ముందు మీవాడి బ్యాక్‌లాగ్స్ సంగతి చూసుకో వదినా" అనేసింది!

గ్రూపులో ఆ ఫోటోలు తీయించి, పెట్టినవాళ్లని పిలిచి మాట్లాడిన లెక్చరర్ మేడమ్‌కి కూడా నమస్కారాలు.

తమ్ముడికి ఇంకా బాగోని రోజులుంటాయి. మందులు వాడుతున్నాడు, సెమిస్టర్ రాస్తున్నాడు. ఈసారి ఆసుపత్రికి అమ్మ కూడా వస్తానంటోంది. డాక్టరుగారిని అడగాల్సినవి తనకీ ఉన్నాయట.