ట్రైనర్ల అలసటకు మూలం టైమ్‌టేబుల్‌లోనే

సంపాదకుడు గారికి,

సొంతంగా కోచింగ్ పెట్టుకున్న ఫిట్‌నెస్ ట్రైనర్లు అలసిపోయి వృత్తి వదిలేయడానికి బరువులెత్తడం కారణం కాదు, వేళలూ ఫీజు లెక్కలూ కారణం. క్లయింట్లు కోరేవి రెండే పూటలు: తెల్లవారి 5 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9. రోజూ రెండూ ఒప్పుకుంటే నిద్ర ఆరు గంటలు కూడా మిగలదు. వారంలో రెండు సాయంత్రాలు మొదటి రోజు నుంచే ఖాళీగా ఉంచుకోవాలి. తర్వాత మానేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు.

ఒక్కొక్కరికి విడిగా గంటకు రూ.600 తీసుకుంటే, గంటలు అయిపోగానే ఆదాయమూ ఆగిపోతుంది. నలుగురిని కలిపి తలా రూ.250 తీసుకుంటే అదే గంటకు రూ.1,000. నలుగురికి మించితే మాత్రం స్క్వాట్‌లో (గుంజీలా కిందికి కూర్చుని లేచే వ్యాయామంలో) ఎవరి నడుము వంగుతోందో కంటపడదు. మోకాలి నొప్పి ఉన్నవారిని విడిగానే చూడాలి.

జనవరిలో డిస్కౌంట్ ఇచ్చి ఏడాది ఫీజు ఒకేసారి వసూలు చేయడం పెద్ద ఉచ్చు. డబ్బు అద్దెకీ డంబెల్స్‌కీ పోతుంది, చాకిరీ డిసెంబరు దాకా మిగులుతుంది. ఎనిమిది వారాల్లో వాడుకోవాల్సిన 12 సెషన్ల ప్యాక్ నయం. 12 గంటల ముందు చెప్పకుండా రాకపోతే ఆ సెషన్ అయిపోయినట్టేనని ముందే రాసివ్వాలి.

అమెరికా తెలుగువారికి ఆన్‌లైన్ లైవ్ క్లాసులు ఆకర్షణీయమే కానీ, న్యూజెర్సీలో రాత్రి 8 అంటే మనకు వేసవిలో ఉదయం 5:30, చలికాలంలో 6:30. సరిగ్గా ఇక్కడి బ్యాచ్ వేళ! వాళ్లు పంపిన వీడియోలు మధ్యాహ్నం చూసి జవాబివ్వడమే కుదిరే పద్ధతి. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చే ‘బిర్యానీ తినొచ్చా’ సందేహాలకు కూడా జవాబు మధ్యాహ్నమే.

– కొందరు ఫిట్‌నెస్ శిక్షకులు, హైదరాబాద్