కన్‌ఫ్యూజ్డ్ అని రాసి వదిలేయకు

ఒరేయ్ డాక్టరూ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నా. "రోగిని చూసింది నేనా, స్క్రీన్ ముందు కూర్చున్న మీరా? రోజుకో క్వెరీ ఏంట్రా" అంటూ, మీ నోట్స్ చదివి జబ్బులకు కోడ్లు వేసే మా కోడర్లందర్నీ కలిపి ఉతికి ఆరేశావు. నిజమే, చూసింది నువ్వే. నాకు కనిపించేది మాత్రం నువ్వు రాసిన రాతే, అది తేలకపోతే రాసి అడిగే ప్రశ్నే క్వెరీ. గొడవంతా అక్కడే ఉంది కాబట్టి ఈసారి తీరిగ్గా జవాబిస్తున్నా.

ఈమధ్య నా వర్క్‌లిస్టులోకి ఒక అమెరికా చార్టు వచ్చింది (గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాలే). 80 దాటిన ఆవిడ, అల్జీమర్స్. అడ్మిషన్ నోట్‌లో "డిమెన్షియా పేషెంట్, కన్‌ఫ్యూజ్డ్" అని ఒక్క ముక్క. మర్నాడూ ఆ మర్నాడూ అదే ముక్క కాపీ పేస్టు. డిశ్చార్జ్ సమ్మరీలో "యూటీఐ (మూత్ర ఇన్ఫెక్షన్), అల్జీమర్స్ డిమెన్షియా, ఆల్టర్డ్ మెంటల్ స్టేటస్ (మనఃస్థితిలో మార్పు) తగ్గింది". అంతే. నర్సు నోట్స్ తెరిస్తే ఇంకో మనిషి కనబడింది. రాత్రి రెండింటికి దుప్పటి అంచులు పీకుతూ, గోడమీద లేని పురుగుల్ని ఏరుతూ, ఐవీ లైను లాగేసింది. పొద్దున పదింటికి పిలిస్తే కళ్ళు తెరిచి, చెప్తున్న మాట సగంలో ఉండగానే మగతలోకి జారిపోయింది. మధ్యాహ్నానికి కాస్త తేరుకుంది. పక్కనే కూతురు నర్సుతో అన్న మాట కూడా రాసుంది: "మూడు రోజుల కిందటి దాకా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచేది."

ఆ మాట చదివాక నాకు సంగతి అర్థమైపోయింది: ఇది డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి మనసు తికమకపడటం. కానీ నాకు అర్థమైతే చాలదు కదా. నర్సు రాసింది పట్టుకుని నేను డెలీరియం కోడ్ వేయకూడదు. బీఎంఐ, ప్రెషర్ అల్సర్ (పడక పుండు) స్టేజీ లాంటి కొన్నిటికే ఆ సడలింపు, అదీ అసలు జబ్బు పేరు డాక్టరు రాసుంటేనే. కాబట్టి సమ్మరీలో ఉన్నదాన్ని బట్టి నా చేతికొచ్చింది యూటీఐకి ఎన్39.0, అల్జీమర్స్‌కి జీ30.9, డిమెన్షియాకి ఎఫ్02.80, ఆఖర్న ఆల్టర్డ్ మెంటల్ స్టేటస్‌కి ఆర్41.82. ఆ ఆఖరిది లక్షణాల అధ్యాయంలోది. కారణం తెలిస్తే ఆ కారణానికే కోడ్ ఇవ్వండి, నన్ను వాడకండి అని దానికిందే రాసుంటుంది. అంటే రికార్డు ప్రకారం ఆవిడకు డెలీరియం రానేలేదు!

ఆ డాక్టరు "డెలీరియం, యూటీఐ వల్ల" అని రాసుంటే సూటిగా డెలీరియం కోడ్ ఎఫ్05 వేసేవాణ్ణి. ఆ కోడ్‌కో షరతుంది: కారణమైన శారీరక జబ్బు కోడ్ ముందు రావాలి, తర్వాతే ఇది. "వల్ల" అన్న ఆ మాట కోసమే మేం మీ ప్రాణం తీస్తుంటాం. డిమెన్షియా మీద వచ్చిన డెలీరియం కూడా ఎఫ్05 లోకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-10లో డిమెన్షియా లేకుండా వస్తే ఎఫ్05.0, ఉండగా వస్తే ఎఫ్05.1 అని విడదీశారు. అమెరికా వాళ్ళ ఐసీడీ-10-సీఎంలో ఆ విభజన లేదు, పైగా సన్‌డౌనింగ్‌ని కూడా అందులోనే కలిపేశారు. నాకైతే అది మింగుడుపడదు. ఏళ్ళ తరబడి పొద్దు వాలేసరికి తికమకపడే మనిషీ, నిన్నటి ఇన్ఫెక్షన్‌తో ఉన్నట్టుండి మారిపోయిన మనిషీ ఒకే గూట్లోనా?

అసలు ప్రమాదం ఇంకోటుంది. 2022 అక్టోబర్ 1 నుంచి డిమెన్షియా కోడ్లు బాగా పెరిగాయి కదా: మైల్డ్, మోడరేట్, సివియర్, ఆపైన ఎజిటేషన్ (కుదురులేని అలజడి) ఉందా, సైకోసిస్ ఉందా, ఆందోళన ఉందా అని. నువ్వు హడావుడిలో "మోడరేట్ డిమెన్షియా విత్ ఎజిటేషన్" అని గిలికావనుకో, నేను ఎఫ్02.బీ11 వేస్తాను. ఆ ఎజిటేషన్ మూత్రంలోని ఇన్ఫెక్షన్‌ది, నాలుగు రోజుల్లో పోయింది. కోడ్ మాత్రం ఆవిడ డిమెన్షియాకి అంటుకుపోయింది. రేపు నర్సింగ్ హోమ్ వాళ్ళు ఆ కాగితం చూసి "ఈవిడ గొడవ చేసే మనిషి" అనుకుంటారు. దేనికి దారితీస్తుందో నీకు నేను చెప్పాలా?

అల్లరి చేసేవాళ్ళనైనా నర్సు రాస్తుంది. మూలన ముడుచుకుని పలకకుండా పడుకునే వాళ్ళ సంగతే ఘోరం. డెలీరియంలోనే హైపోయాక్టివ్ రకం అది. చార్టులో "ప్రశాంతంగా ఉన్నారు" అని ఉంటుంది చూశావూ, నాకు ఆ మాటంటేనే అనుమానం.

ఇదంతా బిల్లు పెంచుకోడానికేగా అని డబ్బు సంగతి కూడా ఎత్తావుగా. నిజమే, దాచేదేముంది? ఎఫ్05 సీసీ, అంటే ఆస్పత్రికొచ్చే సొమ్ము పెంచగల తోడు జబ్బు; మెటబాలిక్ ఎన్‌కెఫలోపతి, అదే జీ93.41, ఎంసీసీ, అంటే ఇంకా ఎక్కువ పెంచగలది. అందుకే కొందరికి ప్రతి తికమకా ఎన్‌కెఫలోపతిలాగే కనబడుతుంది, ఇన్సూరెన్సు వాళ్ళకు ప్రతి ఎన్‌కెఫలోపతీ దొంగలెక్కలాగే కనబడుతుంది. 2020లో పది వైద్య సంఘాలు కలిసి ఒక మాట చెప్పాయి: మెదడులో జరుగుతున్న ప్రక్రియ ఎన్‌కెఫలోపతి, మంచం దగ్గర మీకు కనిపించేది డెలీరియం. నువ్వు దేన్ని నిర్ధారించావో అదే రాయి, దానికి ఆధారమేంటో కూడా రాయి. ఏది రాయాలో నీ నోట్లో పెట్టే హక్కు నాకు లేదు. అందుకే మా క్వెరీలు అంత చప్పగా, నాలుగు ఆప్షన్లూ "ఇతరం", "నిర్ధారించలేం"తో సహా, పరీక్ష పేపర్లా ఉంటాయి. నిన్ను విసిగించాలని కాదురా బాబూ.

మరి ఏం రాయాలంటావా? ముందు, మామూలుగా ఎలా ఉండేవారో ఇంట్లోవాళ్ళని అడిగి ఒక ముక్క. 1990 నుంచి మీ చేతుల్లో ఉన్న క్యామ్, అదే డెలీరియం గుర్తించే పద్ధతి, అడిగేది కూడా అదేగా: హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులవుతోందా, ధ్యాస నిలవట్లేదా, ఆపైన ఆలోచన చెదిరిందా లేక స్పృహ స్థాయి మారిందా. మొదటి రెండూ ఉండి, చివరి రెండిట్లో ఒకటుంటే చాలు. నెలల పేర్లు వెనక్కి చెప్పమంటే చెప్పలేకపోయారని మాత్రం రాసి ఊరుకోకు, డిమెన్షియా ఉన్నవాళ్ళు అవి ముందునుంచే చెప్పలేకపోవచ్చు. మొన్న చెప్పి నేడు చెప్పలేకపోతే అది వార్త. ఇంకోటి, వచ్చేటప్పటికే ఉందా, వార్డులో నాలుగో రోజు మొదలైందా అన్నది. పీఓఏ (అడ్మిషన్ నాటికే ఉందా) దగ్గర "వై" పెట్టాలో "ఎన్" పెట్టాలో నేను సోది చెప్పించుకోలేను కదా.

ఆ చార్టుకి నా క్వెరీ వెళ్ళిన రెండో రోజే జవాబొచ్చింది. "డెలీరియం, మూత్ర ఇన్ఫెక్షన్ వల్ల, అల్జీమర్స్ డిమెన్షియా మీద, అడ్మిషన్ నాటికే ఉంది. కూతురు చెప్పినదాన్ని బట్టి మూడు రోజులుగా." ఆ డాక్టరెవరో నాకు తెలీదు గానీ దణ్ణం పెట్టుకున్నా. ఆర్41.82 తీసేసి ఎఫ్05 పెట్టి ఫైనల్ కొట్టాను.

నీ దగ్గర మూడు క్వెరీలు పెండింగ్‌లో ఉన్నాయని నువ్వే రాశావు. ఈ ఉత్తరానికి జవాబు తర్వాత ఇద్దువుగాని, ముందు వాటి సంగతి చూసి పడుకో.

నీ
కోడర్ వెధవ