ఆ ఐదు పేపర్లు చదవండి చాలు

సంపాదకులకు,

మా జిల్లాకు చెందిన ఒక మాలిక్యులర్ బయాలజీ పరిశోధకురాలికి సన్మానం జరిగిందన్న వార్త మీ పత్రికలో చూశాను. సంతోషం. ఆమె పేపర్లు ఎన్ని, సైటేషన్లు (వాటిని ఇతరులు తమ పేపర్లలో ప్రస్తావించడం) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత, అన్నీ రాశారు. ఆమె ఏం కనిపెట్టారో మాత్రం వార్తంతా వెతికినా ఒక్క వాక్యం లేదు. తప్పు మీ విలేకరిది కాదు. విశ్వవిద్యాలయాలే ఇప్పుడు తమ వాళ్లను ఇలా పరిచయం చేస్తున్నాయి.

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయం ఎంపిక కమిటీకి నన్ను బయటి సభ్యురాలిగా పిలిచారు. ఒక్కో అభ్యర్థికి పన్నెండు నిమిషాలు. మా ముందు అంకెల పట్టిక ఒకటి పెట్టారు. పేపర్ల ప్రతులేమో పక్క గదిలో అట్టపెట్టెల్లో, కట్టిన దారం కట్టినట్టే ఉన్నాయి. ఒకటి తెప్పించమంటే "మార్కులు వేసేశాం కదా మేడమ్" అన్నారు ఆఫీసువాళ్లు. నేనూ మారుమాట్లాడకుండా సంతకం పెట్టి వచ్చేశాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

హెచ్-ఇండెక్స్ 20 అంటే, ఆ మనిషి పేపర్లలో ఇరవైని ఒక్కోదాన్ని కనీసం ఇరవైసార్లు ఎవరో ఒకరు ప్రస్తావించారని. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ లెక్క పెట్టారు. మెచ్చుకుంటూ ప్రస్తావించారా, తప్పుపడుతూనా అన్నది అందులో తెలియదు. మా రంగంలో రికార్డు 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసిన పేపర్‌ది: ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. సైటేషన్లు మూడు లక్షలు దాటాయి. అదేం గొప్ప పేపర్ కాదని లౌరీయే ఒప్పుకున్నారు. ఎక్కువ సైటేషన్లు వచ్చిన వంద పేపర్లంటూ 2014లో నేచర్ పత్రిక ఇచ్చిన జాబితాలో అది మొదటిది. డీఎన్ఏ నిర్మాణం చెప్పిన వాట్సన్, క్రిక్‌ల పేపర్‌కు ఆ వందలో చోటే లేదు. పద్ధతిని వాడిన ప్రతివాళ్లూ దాని పేరు రాయాలి. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిపోయిన సంగతికి ఆ అవసరం ఉండదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతే చూడండి. 1925లో హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన రాసిన, ఫాస్పరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని నేను ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో చేయించాను. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్, తర్వాత ఆన్సా అనే రసాయనం వేసి కాసేపు ఆగితే టెస్ట్‌ట్యూబ్ నీలంగా తిరుగుతుంది; ఫాస్పరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. రికార్డులో "ఫిస్కే-సుబ్బారో" అని రాసుకునే పిల్లలు, ఆ సుబ్బారో మన సుబ్బారావేనంటే నోరు తెరిచేవాళ్లు. ఆ నీలిరంగుకు సైటేషన్లు వేలల్లో వచ్చాయి. అదే మనిషికి హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి, ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలు మందు డీఈసీ మీద పనిచేసిన బృందాలను నడిపించారు. మన పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగించిన మాత్ర అదే. నా ముందు పెట్టిన పట్టికలో దానికి గడి లేదు.

అంకెల కోసం ఇలా పరుగెత్తిస్తే డబ్బు తీసుకుని ఏ పేపరైనా వేసేవాళ్లు పుట్టుకొస్తారు. రిటైరైన నాకు కూడా "మూడు రోజుల్లో ప్రచురిస్తాం" అంటూ మెయిళ్లు ఆగడం లేదు. జర్నళ్ల పేరుతో మోసం చేసినందుకు హైదరాబాద్ ప్రచురణ సంస్థ ఒకదానికి 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్నది.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో, అంటే ఒక జర్నల్ పేపర్లకు సగటున ఎన్ని సైటేషన్లు వస్తాయో చెప్పే అంకెతో, మనిషిని తూచొద్దని 2012లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో జీవశాస్త్రవేత్తలు, జర్నళ్ల సంపాదకులు కలిసి ఒక ప్రకటన రాసుకున్నారు. ఏ జర్నల్ కొనాలో లైబ్రరీలు తేల్చుకోవడానికి పుట్టిన అంకె అది. మన రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఒక్క పని చేయొచ్చు. అభ్యర్థి తనకు నచ్చిన ఐదు పేపర్లు ఎంచి, ఒక్కోదానిలో తన చేతిపని ఏమిటో పది వాక్యాల్లో రాసివ్వాలి. కమిటీ సభ్యులు వాటిని వారం ముందే చదివి వచ్చి, వాటి మీదే ప్రశ్నలు అడగాలి. దీనికి ఖర్చేమీ లేదు, మాలాంటివాళ్లం కాస్త ఒళ్లు వంచాలి, అంతే.

ఈలోగా మీ విలేకరిని ఆ అమ్మాయి దగ్గరికి ఇంకోసారి పంపండి. ఏ జన్యువు మీద పనిచేస్తోందో, ఏం తేలిందో అడిగి రాయించండి. చదవాలని నాకు ఆసక్తిగా ఉంది.

— ఒక విశ్రాంత బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు, కాకినాడ