ఓబులేసుకి, బెంగళూరు నుంచి

రేయ్ ఓబులేసూ,

"సినిమాల పండగంటే ఏందిరా, బాలయ్య సినిమాలు వరసగా ఏస్తారా?" అని నవ్వి ఫోన్ పెట్టేశావు. అది ఫోన్‌లో రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు చదువుకో, లేకపోతే మీ హెడ్మాస్టరు లాక్కుని గట్టిగా చదివేస్తాడు.

దోమలూరు వైపు ఒక హాల్లో శని, ఆదివారాలు జరిగింది. వాతావరణ మార్పు, వలస, ఆదివాసులకు తరతరాలుగా తెలిసిన విద్యలు, ఈ మూడింటి మీద సినిమాలు. డాక్యుమెంటరీలే ఎక్కువ. టికెట్ లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. వచ్చినవాళ్లలో సగం మంది చేనేత కుర్తాలు, గుడ్డసంచీలు, మిగతా సగం కాలేజీ పిల్లలు. భూమి వేడెక్కిపోతోందని చెప్పే సినిమాలు చూడ్డానికి స్వెట్టర్ వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది, అంత ఏసీ పెట్టారు. కాఫీ మాత్రం బాగుంది, మద్దూరు వడ ఇంకా బాగుంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. కొన్ని మరీ విసుగు. పైనుంచి డ్రోన్, కింద నెర్రెలిచ్చిన నేల, వెనక ఏడుపు వయొలిన్, అంతే. ఏ దేశం సినిమా అయినా అదే డ్రోన్, అదే వయొలిన్. అలాంటివి వచ్చినప్పుడు నేను లేచి వడ తిన్నాను.

కానీ ఒకటుంది, అది నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూడాల్సింది. కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇనూయిట్లు ఉన్నారు కదా, వాళ్ల మనిషే జకరియాస్ కునుక్ అని ఒక దర్శకుడు. 2001లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా పండగలో తొలి సినిమాకి ఇచ్చే కెమేరా డోర్ బహుమతి తెచ్చుకున్నాడు. ఆయనా, ఇయాన్ మౌరో అనే పరిశోధకుడూ కలిసి 2010లో ఈ డాక్యుమెంటరీ తీశారు. మొత్తం వాళ్ల భాషలోనే. ముసలివాళ్లు కూర్చుని మాట్లాడతారు, అంతే. సీల్ జంతువుని కోస్తూనో, మంచు గట్టు మీద నిలబడో మాట్లాడతారు. వేరు వేరు ఊళ్ల పెద్దలు అందరూ ఒకే మాట చెప్తారు: సూర్యుడు ఇదివరకు మునిగే చోట మునగడం లేదు, నక్షత్రాలు ఉండాల్సిన చోట లేవు, భూమి ఒరిగిపోయింది.

ఈ మాట విని మొదట్లో శాస్త్రవేత్తలు కొట్టిపారేశారంట. భూమి ఒరిగితే మా పరికరాలకు తెలీదా అని. నిజమే, భూమి ఒరగలేదు. కానీ ఆ ముసలివాళ్ల కళ్లు కూడా అబద్ధం చూడలేదు. అక్కడ నేలని అంటుకుని చల్లటి గాలి, దాని మీద ఇప్పుడు వేడెక్కిన గాలి. ఈ పొరల్లో నుంచి వచ్చే వెలుగు వంగుతుంది. అందుకని అంచున ఉన్న సూర్యుడు ఉన్నచోట కాక ఇంకోచోట కనిపిస్తాడు. గాలి వేడెక్కిన సంగతిని వాళ్లు థర్మామీటరు లేకుండా సూర్యుడు దిగే చోటు చూసి పట్టారన్నమాట. నెలల తరబడి సూర్యుడే కనపడని దేశం అది. మళ్లీ ఎప్పుడొస్తాడు, ఏ గట్టు మీద వస్తాడు అని తరాలుగా చూస్తున్నవాళ్లకి ఆ మాత్రం తేడా తెలీకుండా ఎలా ఉంటుంది?

వాళ్లు మంచులో దారి ఎలా పోతారో తెలుసా? ఎప్పుడూ వీచే గాలి ఒక దిక్కునుంచి మంచుని కొట్టి కొట్టి గట్టిపడ్డ గీతలు పెడుతుంది. చీకట్లో కాలితో తడిమి ఆ గీతల్ని బట్టి దిక్కు చెప్పేస్తారు. ఇప్పుడు గాలే దిక్కు మార్చుకుంటోంది. అంటే మనిషికి విద్య ఉంది, కాళ్లకి జ్ఞాపకం ఉంది, ఆ విద్య ఆనుకుని ఉన్న గాలి మాత్రం జారిపోయింది. నాకు అక్కడ పట్టుకుందిరా. ఆ తర్వాత ప్రతి సినిమానీ ఈ లెక్కలోనే చూశాను. తెలిసినవాడు కదిలిపోతే, లేదా తెలిసిన నేలే కదిలిపోతే, ఆ తెలిసింది ఏమవుతుంది?

ఒడిశాలో కేంద్రపడా జిల్లాలో సాతభాయా అని ఒక ఊరు. సముద్రం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మింగేసింది. నీళ్లలో నిలబడ్డ చేతిపంపు ఫొటో నువ్వూ ఎప్పుడో పేపర్లో చూసే ఉంటావు. నీలమాధవ్ పండా ఆ ఊరి చుట్టూ అల్లిన "కలీరా అతీత" అనే ఒడియా సినిమాకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. సినిమా కంటే ఆ ఊరి అమ్మవారి సంగతి నా మనసులో ఉండిపోయింది. పంచుబరాహి గుళ్లో పూజారులు ఆడవాళ్లే, జాలరి ఇళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు. మగవాళ్లు విగ్రహాన్ని ముట్టుకోకూడదు, నాలుగు వందల ఏళ్లుగా అదే ఆచారం. 2018లో సముద్రం గుడి దాకా వచ్చేసింది. విగ్రహాలు ఐదూ మోయలేనంత బరువు. చివరికి ఆ పూజారమ్మలే ఒప్పుకుని మగవాళ్ల చేత ఎత్తించారు. ప్రభుత్వం ఊరివాళ్లకి కట్టిచ్చిన బాగపాటియా కాలనీకి తరలించారు. దేవతకి కూడా వలస తప్పలేదు. అయినా దేవత నయం, కొత్తచోట గుడి కట్టారు. చేపలు పట్టేవాడికి సముద్రం దూరమైతే ఏం కట్టిస్తారు? వాళ్లలో చాలామంది కుర్రాళ్లు కేరళకి కూలికి పోతున్నారు.

ఇప్పుడు మనోళ్ల సంగతి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ పేరు వినే ఉంటావు, అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక సంస్థ. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పీ.వీ. సతీష్ గారు మరికొందరితో కలిసి పెట్టింది. ఆయన 2023 మార్చిలో పోయారు. అక్కడి సంఘాల్లో ఎక్కువమంది దళిత రైతు మహిళలు, బడి మొహం చూడనివాళ్లు చాలామంది. పాతికేళ్ల కిందట వాళ్ల చేతికి కెమెరా ఇచ్చారు. 2008 నుంచి సొంత రేడియో కూడా నడుపుతున్నారు. తెరమీద తెలుగు వినపడగానే హాల్లో నేనొక్కణ్నే ముందుకి జరిగి కూర్చున్నాననుకుంటా.

కెమెరా ఎక్కడ పెట్టాలో వాళ్ల లెక్క వాళ్లకుంది. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. గడీ మీద నిలబడి దొర చూసినట్టు. కిందనుంచి పైకి చూస్తే బానిస షాట్. ఎదుటి మనిషి కళ్లకి సమానంగా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేలమీదే కూర్చుంటారు. వాళ్లు తీసేది సంఘం షాట్. ఇది విన్నాక, పొద్దుట్నుంచి నాకు విసుగు పుట్టించిన డ్రోన్లన్నీ పటేల్ షాట్లే కదా అని నవ్వొచ్చింది.

ఆ చిత్రాల్లో ఒకచోట విత్తనాలు దాచే పని చూపిస్తారు. వెదురుబుట్ట లోపలా బయటా మట్టితో అలికి, విత్తనంలో బూడిద, వేపాకు కలిపి, మూతకి కూడా మట్టి మెత్తుతారు. ఎక్కడా తొందర లేదు. ఆమె వేళ్లు బుట్ట అంచు చుట్టూ తిరిగేదాకా కెమెరా కదలదు. మీ నాయన కొర్ర విత్తనం పెట్టే పద్ధతి ఇదే కదా? ఒక ఎకరంలో ఇరవై రకాల దాకా కలిపి వేస్తారంట. ఒకటి ఎండితే ఇంకోటి నిలబడుతుంది. మన తాతల కాలంలో అనంతపురంలో కూడా కొర్ర, సజ్జ, కంది, అనుము, అలసంద కలిపే కదా వేసింది. తర్వాత జిల్లా అంతా శనక్కాయ ఒక్కటే అయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, పూత మీద ఒక్క వాన తప్పితే మొత్తం పోయే పంట మీద పెట్టుకున్నాం. ఎండాకాలం రాగానే హిందూపురం నుంచి రైలెక్కేస్తున్నాం. వలసపోయినవాళ్ల పిల్లలకి మీ బళ్లో సీజనల్ హాస్టల్ ఎందుకు పెట్టారో నాకంటే నీకే బాగా తెలుసు.

సినిమాలయ్యాక చర్చ. వేదిక మీద నలుగురు, అందరూ చదువుకున్నవాళ్లు, మంచివాళ్లే. ప్రపంచ బ్యాంకు 2021లో ఇచ్చిన లెక్క చెప్పారు: ఏమీ చేయకపోతే 2050 నాటికి వాతావరణం వల్ల సొంత దేశాల్లోనే చోటు మారేవాళ్లు 21.6 కోట్ల దాకా ఉంటారని, అందులో దక్షిణాసియావాళ్లే 4 కోట్లని. పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దీవుల నుంచి వచ్చిన టైటియోటా అనే ఆయన కేసు కూడా వచ్చింది. సముద్రం మా దీవిని మింగుతోంది, శరణార్థిగా ఉండనివ్వండి అని న్యూజిలాండ్‌లో అడిగితే కాదని 2015లో పంపించేశారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో సముద్రం, కరువు లేవు కదా. 2020లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా ఆయన కేసు ఒప్పుకోలేదు గానీ, ప్రాణానికే ముప్పు ఉన్నచోటికి ఇలా తిప్పి పంపడం ముందుముందు కుదరకపోవచ్చని ఒక మాట రాసింది. ఇవన్నీ తెలుసుకోవాల్సినవే. నాకు మాత్రం ఒకటే అడగాలనిపించింది, మైకు నా దాకా రాలేదు. ఇంతమంది కదిలిపోతారు సరే, వాళ్లకి తెలిసిన పని ఎక్కడికి పోతుంది?

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, కళ్యాణదుర్గం అవతల ఊరు. ఈమధ్య ఒక సాయంత్రం పెద్దవాన పడింది. మేమంతా బేస్‌మెంట్లో నీళ్లొచ్చాయని కార్ల దగ్గరికి పరుగెత్తాం. ఆయన తీరిగ్గా లాన్లోకి పోయి వేపపుల్ల మట్టిలో గుచ్చి, తీసి, తడి ఎంతదాకా అంటిందో బొటనవేలితో కొలిచాడు. "జానెడు పదునైంది సార్. మనూర్లో ఇంత పడుంటే ఈపాటికి గొర్రు కట్టేటోళ్లు" అన్నాడు. ఎన్ని అంగుళాల పదునుకి ఏ విత్తనం వేయాలో, ఏది ఆగాలో అన్నీ తెలుసాయనకి. ఆ తెలివి ఇక్కడ విజిటర్ల పుస్తకంలో బండి నంబర్లు రాస్తోంది. ఆయన్ని తీసుకొచ్చి ఆ వేదిక మీద కూర్చోబెడితే ఏం మాట్లాడతాడు అనుకున్నా. బహుశా ఏమీ మాట్లాడడు. నేల లేకుండా అది మాటల్లో చెప్పే సంగతి కాదు.

అలాగని అన్నీ పోతాయనుకోకు. ఇంకోవైపు కూడా చూశా. 2024 ఎండాకాలంలో బెంగళూరు బోర్లు వేలల్లో ఎండిపోయి, ట్యాంకర్ల కోసం మేం పడ్డ అగచాట్లు నీకు తెలిసిందే. అప్పుడు మా అసోసియేషన్‌వాళ్లు ఇంకుడు బావులు తవ్వించారు. వచ్చింది ఎవరనుకున్నావు? మన్ను వడ్డెరలు. ఇక్కడ బోవి అంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. తరాలుగా బావులు తవ్విన కులం. బోర్లు వచ్చాక పని పోయి మూలన పడ్డారు, ఇప్పుడు బోర్లే ఎండిపోయి మళ్లీ వాళ్లని పిలుస్తున్నారు. ఊరంతా పది లక్షల ఇంకుడు బావులు కావాలని ఒక ఉద్యమం కూడా నడుస్తోంది. కబ్బన్ పార్కులో పాత బావులు బాగుచేసిందీ వాళ్లే.

మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. ఒకడు లోపల, ఒకడు పైన తట్ట లాగుతూ. చిన్న పిడి గడ్డపార, ఎందుకంటే లోపల చెయ్యెత్తే చోటుండదు. కింద ఉన్నాయన పిడికెడు మట్టి నలిపి, "గరుసు తగిలింది, ఇంక తాగుతాదిలే" అని పైకి కేకేశాడు. అడుగున సిమెంటు వెయ్యరు. రింగుల మధ్య సందులు వదిలేస్తారు. మిద్దె మీద పడ్డ వాన దాంట్లోకి పోయి నేలలో ఇంకిపోతుంది. వెయ్యి అడుగులు దాటి బోరు దించే ఊళ్లో ఇరవై అడుగుల దగ్గర నీటిని ఆపడం వీళ్లకి తెలుసు. ఈ విద్య వాళ్లతో పాటు నడిచొచ్చింది, ఎందుకంటే ఏ ఊళ్లో అయినా మట్టి మట్టే, దాన్ని చేత్తో చదవొచ్చు. వాచ్‌మన్ విద్యకి మాత్రం సొంత చేను కావాలి. అంతకంటే ముఖ్యం, ఇక్కడ దానికి కూలి ఇచ్చేవాడు కావాలి. వడ్డెరలకి మళ్లీ పని దొరికింది కాబట్టి వాళ్ల పిల్లలు ఒకరిద్దరైనా నేర్చుకుంటారు. తెర మీద చూపించి చప్పట్లు కొట్టినంత మాత్రాన ఏ విద్యా బతకదు.

సరే, అసలు పనికొస్తా. పస్తాపూర్‌వాళ్ల చిత్రాలు మీ బళ్లో వేద్దామా? హాస్టల్ పిల్లలకీ, వాళ్ల అవ్వాతాతలకీ. కావాల్సింది తెల్లదుప్పటి, ప్రొజెక్టరు, ఒక స్పీకరు. ప్రొజెక్టరు మా ఆఫీసులో పాతది ఉంది, అడిగితే ఇస్తారు. చిత్రాలు ఎలా తెప్పించుకోవాలో నేను కనుక్కుంటా. రాత్రిపూట వెయ్యాలి కాబట్టి కరెంటు ఉండే రోజు చూసి చెప్పు. మీ హెడ్మాస్టరు ఒప్పుకోకపోతే రచ్చకట్ట దగ్గర పెడదాం, సర్పంచుతో నువ్వే మాట్లాడు, నీ మాటే వింటాడు. వారం ముందు చెప్తే చాలు, శుక్రవారం రాత్రి బస్సుకి వచ్చేస్తా.

నీ
మల్లి